రామప్ప దిక్కు ‘పాతకాలం చాయ్ గది’ అని ఫొటోలు పెట్టిన గెస్ట్‌హౌస్: అడ్వాన్స్ కొట్టేముందు ఇది చదువుండ్రి

ములుగు దాటి జంగాలపల్లి క్రాస్ కాడ తిరిగి పాలంపేట దిక్కు పోతుంటే వస్తది ఈ ఊరి గెస్ట్‌హౌస్. కంప్లైంట్ నడుస్తున్నది, అందుకే పేరు రాస్తలేను. పోయిన శనివారం హన్మకొండ నుంచి ఐదుగురం పోయి ఒక రాత్రి ఉన్నం.

మమ్మల్ని గుంజింది రూమ్ కాదు, ఫొటోల ఉన్న చాయ్ గది. పెంకుటిల్లు, పెంబర్తి ఇత్తడి సమోవార్ (చాయ్‌కి నీళ్లు కాగబెట్టే పాత్ర), బొగ్గుల మీద మరిగే చాయ్, కింద ‘మా బర్రెల పాలు’ అని రాత. మా అమ్మకు చాయ్ అంటే పానం. 1,500 ఫోన్‌పే కొట్టిన. ఎవరిదో సొంత నంబర్‌కు పంపుమన్నప్పుడే అనుమానం రావాలె, రాలే.

పోయి చూస్తే రేకుల షెడ్డు. సమోవార్ ఉన్నది గని, అందుల ప్లాస్టిక్ పూలు కుచ్చిండ్రు. చాయ్ ఫ్లాస్కుల నుంచి పోసిచ్చిండ్రు. అమ్మ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కకు పెట్టి సీదా వంటింట్లకు పోయింది. “బర్రెలేవి బిడ్డా?” అంటే ఆడి పిలగాడు పాలపొడి ప్యాకెట్ చూపెట్టిండు. వాడేం జేస్తడు, పాపం. అమ్మ ఊకుంటదా, చిటికెడు చాయ్‌పత్తి అడుక్కొని చల్లనీళ్లల్ల వేసింది. మంచి పత్తి చల్లనీళ్లల్ల మెల్లగ రంగు దిగుతది. ఇది వెయ్యంగనే ఎర్రగ పారింది. రంగు కలిపిన పత్తి గట్లనే చేస్తది. మళ్ల ఆ చాయ్ ముట్టలే మేము.

రూమ్ సంగతి: రాత్రి పది తర్వాత నల్లాల నీళ్లు రాలే. దోమలు సరేసరి.

పొద్దున గెస్ట్‌హౌస్ ఆయన బిల్లు తెల్లకాయితం మీద రాసిచ్చిండు. రూమ్ 2,500. చాయ్ గది ‘ఎంట్రీ’ మనిషికి 100 చొప్పున 500, నాలుగేండ్ల చిన్నదానికి సుత! మొత్తం మీద 18 శాతం జీఎస్టీ అని ఇంకో 540. రోజుకు 7,500 లోపు రూమ్‌లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి ఉన్నది 5 శాతమే. “జీఎస్టీ నంబర్ ఏదన్నా?” అంటే “సిస్టం డౌన్ ఉంది సార్” అన్నడు. చేతిరాత బిల్లుకు సిస్టం ఏందో! నంబర్ లేనోడు జీఎస్టీ వసూలు చెయ్యనే రాదు. అరగంట కొట్లాడితే 540 కొట్టేసిండు. 500 మాత్రం ఇడువలే, “మీరు గదిల కూసున్నరు కద సార్” అని. రామప్ప గోపురం ఇటుకలు నీళ్ల మీద తేలుతయి, ఈయన మాట అంతకన్న తేలిక.

1915కు ఫోన్ చేసి కంప్లైంట్ రాయించిన, అది వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడొచ్చు. బిల్లు ఫొటో, పైసలు పంపిన స్క్రీన్‌షాట్ పనికొస్తయి. చేతిరాత కాయితమే గదా అని పారెయ్యకుండ్రి.

గుడికైతే పోండ్రి. పదమూడో శతాబ్దంల కట్టింది, 2021ల యునెస్కో గుర్తింపొచ్చింది, ఆ నాట్యకత్తెల శిల్పాలకు ఒక్కపూట చాలదు. పొద్దుగాల బయల్దేరితే చూసుకొని రాత్రికి హన్మకొండల పడొచ్చు.

ఆ ఫొటో ఇంకా తిరుగుతనే ఉన్నది. సమోవార్ ఎనుక కిటికీల నుంచి పచ్చటి తేయాకు తోట కనపడతది. ములుగు జిల్లాల తేయాకు తోట ఏడికెళ్లొచ్చిందని నేను ఆలోచన చెయ్యలే, మీరు చెయ్యుండ్రి.