భవిత కేంద్రమా, ఊరి బడా?

మా కోనసీమలో ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఇదే బెంగ. రెండూ సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి చదువుల పథకం పరిధిలోవే.

భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులుంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. నడక రాని బిడ్డకు అదే దిక్కు. కానీ కాలవగట్టు వెంట ఆటోలో తీసుకెళ్లి తీసుకొచ్చేసరికి తల్లికి ఆ పూట కూలి పోయినట్టే.

ఊరి బడిలో థెరపీ లేదు, తోటిపిల్లలున్నారు. సరిగా వినపడని మా మేనకోడలు ముందు బెంచీలో కూర్చుని, టీచరమ్మ పెదాలు చూస్తూ ‘గోదారి’ అంది. మా అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు చదువు ఉచితం. దగ్గరి బడో, ప్రత్యేక బడో ఎంచుకునే హక్కూ ఉంది. నేనైతే ఊరి బడే అంటాను, థెరపీ రోజుల్లో మాత్రం భవితకు.