టైమ్‌లైన్ వరస పెట్టిన ఓటీటీ యాప్: ఐదుకి రెండున్నర

మేం చందా కడుతున్న ఓటీటీ యాప్ ఈ మధ్య సినిమా సిరీస్‌ల పేజీలో ‘టైమ్‌లైన్ ఆర్డర్’ అని ఒక కొత్త వరస పెట్టింది. ఏ సినిమా ఎప్పుడు విడుదలైందన్నది దానికి అనవసరం. కథలో ఏది ముందు జరిగితే అది ముందు వస్తుంది. ఒకటి అయిపోగానే తరవాతిది దానంతటదే మొదలవుతుంది. పదకొండేళ్ల మా మేనల్లుడు సెలవులకు వచ్చాడు కదా అని వాడికి ‘స్టార్ వార్స్’ ఈ వరసలోనే చూపించడం మొదలుపెట్టాను. అక్కడే దెబ్బతిన్నాను.

మొదటి మూడూ బాగానే గడిచాయి. అనకిన్ అనే కుర్రాడు దారి తప్పి, నల్ల ముసుగు తొడుక్కుని డార్త్ వేడర్‌గా మారడం చూసి వాడు కాస్త బాధపడ్డాడు కూడా. ఆ తరవాత ఓ రాత్రి 1980 నాటి ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ వంతు వచ్చింది. చెయ్యి తెగిన హీరో ల్యూక్‌తో వేడర్ తానే అతని తండ్రినని చెప్పే సీను. (ఇంకా తెలియనివాళ్లుంటే క్షమించండి, నలభై ఐదేళ్లు ఆగాం.) నేను టీవీ వదిలేసి వాడి మొహమే చూస్తున్నాను. వాడు దిండు సర్దుకుంటూ, “తెలిసిందేగా మామయ్యా, ల్యూక్‌కి ఇంకా తెలీదా?” అన్నాడు.

ఆ ఒక్క మాట దాచడానికి షూటింగ్‌లో ఎంత తంటాలు పడ్డారని! వేడర్ వేషం వేసిన నటుడికి వేరే డైలాగ్ ఇచ్చి చెప్పించారు. ల్యూక్‌గా చేసిన మార్క్ హామిల్‌కి అసలు సంగతి షాట్‌కి కొంచెం ముందు చెప్పారు. అసలు మాట తరవాత డబ్బింగ్‌లో జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతుతో చేరింది. అంత జాగ్రత్తగా దాచినదాన్ని మా యాప్ రెండు రోజుల ముందే చెప్పేసింది.

ఈ వరస పెట్టినవాళ్ల ధోరణి చూస్తే, సినిమావాళ్లు అడ్డదిడ్డంగా తీసేశారు, మేం సర్దిపెట్టాం అన్నట్టుంది. నిజానికి 1977లో ‘స్టార్ వార్స్’ మొదటి సినిమా వచ్చినప్పుడు దాని మీద ‘ఎపిసోడ్ 4’ అన్న మాటే లేదు. అది 1981 రీరిలీజ్‌లో చేరింది. ఒక సినిమా ఆడుతుందో లేదో తెలియనప్పుడు తాతల నాటి గొడవలన్నీ ముందు చెప్పుకుంటూ ఎవరు కూర్చుంటారు? ఒంటరిగా నిలబడగల కథ ముందు తీస్తారు. ఆడితే అప్పుడు ముందుకీ వెనక్కీ వెళ్తారు. వెనకటి కథ తీయడానికి ‘స్టార్ వార్స్’ సృష్టికర్త జార్జ్ లూకస్ 1999 దాకా ఆగాడు. ‘జురాసిక్ పార్క్’ కోసం తన కంపెనీవాళ్లే కంప్యూటర్‌తో డైనోసార్లను నడిపించాక గానీ, తను ఊహించుకున్నవి తెరమీదికి వస్తాయన్న ధైర్యం ఆయనకు రాలేదు.

ఒక్కోసారి కారణం ఇంకా చిన్నది. ఇండియానా జోన్స్ రెండో సినిమా 1984లో వచ్చింది, కథ మాత్రం మొదటి సినిమాకి ఏడాది ముందు, 1935లో జరుగుతుంది. మళ్లీ నాజీలనే విలన్లుగా పెట్టడం దానికీ కథ ఇచ్చిన లూకస్‌కి ఇష్టం లేకపోయింది, అందుకని తేదీ వెనక్కి జరిపారు. అంతే.

‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’లో హాన్ అనేవాడిది మరీ వింత. 2006లో వచ్చిన మూడో సినిమాలో చచ్చిపోయాడు. జనానికి తెగ నచ్చేశాడు. వాడి కోసం తరవాతి మూడు సినిమాలను ఆ చావుకి ముందు జరిగినట్టు పెట్టారు. యాప్‌లో ఆ మూడో సినిమా ఆరోదాని తరవాత వస్తుంది, కథ ప్రకారం అదే సరి. కానీ 2013 నాటి సినిమా అవగానే పాత్రల చేతుల్లోకి పాత మడత ఫోన్లు వచ్చేస్తాయి. మావాడు పడీ పడీ నవ్వాడు.

కథ వరస దండగ అనను. 1977లో దర్శకుడు కొప్పోలాయే ‘గాడ్‌ఫాదర్’ రెండు భాగాలనూ కాలక్రమంలో తిరగ్గూర్పించి, మొదట వాడని సీన్లు కూడా కలిపి అమెరికా టీవీకి ఇచ్చాడు. సినిమాలు ఇదివరకే చూసినవాళ్లకి అదో ముచ్చట. మొదటిసారి అలా చూసేవాళ్లకి మాత్రం, రెండో భాగంలో తండ్రి ఎదుగుదల, కొడుకు పతనం పక్కపక్కనే నడిచే ఆ పోలిక పోతుంది. మన ‘బాహుబలి’నే తీసుకోండి. తండ్రి కథంతా ముందు పేర్చేస్తే, 2015 నుంచి 2017 దాకా జనం కట్టప్ప గురించి అడుక్కున్న ప్రశ్న పుట్టేదే కాదు.

ఇక యాప్ సంగతి. చిత్రం క్వాలిటీ బాగుంది, సబ్‌టైటిల్స్ ఎక్కడా తేడా రాలేదు, ఆపిన చోటు నుంచే మొదలవుతుంది. ఒక మార్కు వీటికే. మార్వెల్ సూపర్‌హీరో సినిమాల వరస మాత్రం చూసుకుని పెట్టినట్టు లేదు. 1995లో జరిగే ‘కెప్టెన్ మార్వెల్’ని ముందే పెట్టారు. దాని టైటిల్స్ మధ్య వచ్చే చిన్న సీను 2018 నాటి ‘ఇన్ఫినిటీ వార్’ అయిపోయాక జరిగేది! మా అదృష్టం బాగుండి, టైటిల్స్ పడగానే యాప్ పక్క సినిమాకి దూకేసింది. మామూలుగా ఆ అలవాటుకి తిట్టుకుంటాను, ఆ పూట మాత్రం దణ్ణం పెట్టాను.

విడుదల వరసకి మారే బటన్ ఆ పేజీలో ఎక్కడా లేదు. హెల్ప్‌లో అడిగితే, విడివిడిగా వెతుక్కుని చూడొచ్చన్నారు. ఆ మాటకి ఒకటిన్నర కోసేశాను.

మేనల్లుడి చెల్లెలు వచ్చే సెలవులకి వస్తుంది. ఈసారి సినిమాల పేర్లు విడుదలైన వరసలో కాగితం మీద రాసి టీవీ వెనక అంటించాను. చెల్లెలి ముందు నోరు విప్పనని వాడి చేత ఒట్టు కూడా వేయించుకున్నాను. వేశాడు గానీ, అప్పటి నుంచి ముక్కుతో వేడర్‌లా బుసలు కొడుతూ, “నేనే మీ నాన్నని” అంటూ ఇల్లంతా తిరుగుతున్నాడు.