ప్రింట్లు గ్యాలరీకి ఇవ్వాలా, మనమే అమ్ముకోవాలా?

లిమిటెడ్ ఎడిషన్ (ఒక బొమ్మకి ఇన్ని కాపీలే అని ముందే తేల్చి, నంబర్లు వేసే ప్రింట్లు) వేయించిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్నే ఇది. బంజారాహిల్స్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో గ్యాలరీలో పెట్టాలా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి నేరుగా అమ్మాలా?

ముందు లెక్క చూద్దాం. ఏ2 సైజు పిగ్మెంట్ ప్రింటు (కంప్యూటర్ ఫైలు నుంచి ఇంక్‌జెట్‌లో తీసేది), 308 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) కాటన్ కాగితం, 25 కాపీలు, ధర 12,000, ప్రింటింగు ఖర్చు కాపీకి 2,500 అనుకోండి. గ్యాలరీ కమిషన్ 40 శాతమైతే 4,800 పోతుంది, ఖర్చు పోగా మిగిలేది 4,700. నేరుగా అమ్మితే ప్యాకింగుకీ కొరియరుకీ 700 పెట్టినా 8,800 మిగులుతుంది. ఇది చూసి చాలామంది గ్యాలరీ దండగ అనేస్తారు. అంత తొందరొద్దు. కాగితం కంటితో చూడకుండా పన్నెండు వేలు పెట్టేవాళ్ళు తక్కువ. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు తొలిచి తీసే ప్రింట్లు) చూసిన ఊరు మన హైదరాబాద్. ప్రింటుకీ పోస్టరుకీ తేడా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు, వాళ్ళు తిరిగేది గ్యాలరీల్లోనే.

అయినా తేల్చాల్సింది కమిషన్ కాదు, రిజిస్టరు ఎవరి దగ్గరుంటుందన్నది. ఎచింగైతే ఎడిషన్ పూర్తయ్యాక రాగి రేకు మీద అడ్డంగా గీత గీసి రద్దు చేయొచ్చు. డ్రైపాయింటైతే (రేకుని నేరుగా సూదితో గీకేది) గీతల అంచున లేచిన బర్, అంటే లోహపు అంచు, కొన్ని పదుల కాపీలకే అణిగిపోతుంది. కంప్యూటర్లో ఉన్న ఫైలు అరగదు, దాని మీద గీత గీసినా నమ్మేదెవరు? 25తో ఆపేశామనడానికి మీ రిజిస్టరే సాక్ష్యం. నంబరు, తేదీ, కొన్నవారి పేరు, ధర, సర్టిఫికెట్ (ప్రింటు అసలైనదని మీరిచ్చే పత్రం) నంబరు: ఒక్కో కాపీకి ఒక్కో వరస. మొత్తం ఎడిషన్ గ్యాలరీకి అప్పగిస్తే ఆర్నెల్ల తర్వాత 7/25 (25 కాపీల్లో ఏడోది) అమ్ముడైందో, బీరువాలో ఉందో మీకు తెలీదు. కొన్నవారి పేరైతే అసలే చెప్పరు. ఇంకో బొమ్మ ఎడిషన్ వేసినప్పుడు కబురు పెట్టడానికి మీ దగ్గర ఒక్క ఫోన్ నంబరూ ఉండదు.

నేరుగా అమ్మేవాళ్ళ తప్పులు వేరు. 9/25 కొరియర్లో నలిగిందని ఇంకోటి తీసి అదే నంబరు వేసి పంపేస్తారు. నలిగింది వెనక్కి రాకపోతే లోకంలో రెండు 9/25లు! పాతది చేతికొచ్చి, చించేశాకే కొత్తదాని మీద నంబరు వేయండి. సంతకం, నంబరు పెన్సిల్‌తోనే, బొమ్మ కింద మార్జిన్‌లో: ఎడమన నంబరు, కుడిన సంతకం. ట్యూబు నాలుగంగుళాల వెడల్పన్నా ఉండాలి. సన్నటి ట్యూబులో చుట్టిన కాటన్ కాగితం మళ్ళీ చదునుగా పరుచుకోదు. వానాకాలంలో ప్రింటుకి ఆనించి ప్లాస్టిక్ చుట్టొద్దు, తేమ లోపలే ఉండి బూజు మచ్చలొస్తాయి. ముందు యాసిడ్-ఫ్రీ కాగితం, దాని పైనే ప్లాస్టిక్.

బిల్లు దగ్గరో మాట. టారిఫ్ (పన్ను కోసం సరుకులకి కోడ్‌లిచ్చే పట్టిక) 97వ చాప్టరు లెక్కన ఒరిజినల్ ప్రింటంటే కళాకారుడు పూర్తిగా చేత్తో చేసిన ప్లేటు నుంచి తీసిందే. ఇంక్‌జెట్ ప్రింటుని ఆ కోడ్ కింద రాయకండి.

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లు నంబరు లేని పోస్టర్లకి చాలు. ఎగ్జిబిషన్ స్టాళ్ళు విజిటింగ్ కార్డులు పంచుకోవడానికి.

కాబట్టి నేరుగా అమ్మడమే మేలు, గ్యాలరీకి మాత్రం 1 నుంచి 8 దాకా ఇవ్వండి. నోటిమాట మీద వద్దు. ఏయే నంబర్లు, ధర, కమిషన్, డిస్కౌంటిస్తే ఎవరి వాటాలోంచి, అమ్మిన ఎన్ని రోజులకి డబ్బు, మిగిలినవి ఏ తేదీకి వెనక్కి, కొన్నవారి పేరు చెప్తారా లేదా: అన్నీ కాగితం మీద ఉండాలి. ధర రెండు చోట్లా ఒకటే. గ్యాలరీలో 12,000 రాసుంటే మెసేజ్‌లో 9,000కి ఇచ్చారని తెలిసిన రోజు ఆ తలుపు మూసుకుంటుంది. పది అమ్ముడయ్యాక పెంచాలనుకుంటే రెండు చోట్లా ఒకే రోజు పెంచండి. ఏపీలు (ఆంధ్రప్రదేశ్ కాదు, ఆర్టిస్ట్ ప్రూఫులు: 25 లెక్కకి బయట కళాకారుడి కోసం తీసే కాపీలు) రెండుంటే ఆ రెండూ సర్టిఫికెట్‌లో లెక్క చూపించి మీ దగ్గరే ఉంచుకోండి.