యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్: చెన్నై ఉక్కలో ఏళ్లపాటు వాడాక

మిట్టమధ్యాహ్నం మెరీనాలో ఫొటోలు తీద్దామనుకుంటే ఈ పాత రీలు కెమెరా కొనకండి. దీపాలు పెట్టే వేళ మైలాపూర్ మాడవీధుల్లో తిరిగే అలవాటుంటే మాత్రం, మంచి స్థితిలో ఉన్నది కనబడగానే తీసుకోండి. ఇన్నేళ్ల వాడకంలో నాకు తేలింది ఇదే. మిగతాదంతా వివరాలు.

ఎలక్ట్రో 35 వరస 1966లో మొదలైంది. జీఎస్ఎన్ 1973లో వచ్చింది. నా దగ్గరున్నది మా బాబాయి బర్మా బజారులో కొన్నది. జపాను సరుకు మామూలు షాపుల్లో దొరకని రోజులవి. పెళ్లిళ్లూ తిరుపతి ప్రయాణాలూ అయ్యాక అది బీరువా ఎక్కి, చాలాకాలానికి నా చేతికొచ్చింది. ఆ పిచ్చితో తర్వాత మరికొన్ని పాత కెమెరాలు పోగేశాను. పెంటాక్స్ కె1000 కూడా ఉంది, అన్నీ మన చేతిలో ఉండే బుద్ధిమంతురాలు. అయినా చీకటి పడ్డాక బయటికెళ్లాలంటే చెయ్యి యాషికా మీదకే పోతుంది.

ఇది వాడే పద్ధతి బాబాయి ఒక్క ముక్కలో చెప్పాడు: "ఎర్రదీపం వెలిగితే రింగు తిప్పరా, అంతే." నిజంగా అంతే. అపర్చరు, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కంత ఎంత తెరవాలో, రింగు తిప్పి మనం పెడతాం, అది ఎంతసేపు తెరిచి ఉండాలో, అంటే షట్టరు వేగం, కెమెరా చూసుకుంటుంది, 30 సెకన్ల నుంచి సెకనులో 500వ వంతు దాకా. మధ్యలో మెట్లుండవు, ఎంత కావాలంటే అంత. వెలుతురు మరీ ఎక్కువైతే ఎర్రదీపం. వేగం 1/30 కన్నా తగ్గితే పసుపుదీపం, చెయ్యి కదిలితే ఫొటో చెదురుతుందని హెచ్చరిక. మాన్యువల్ అన్నది లేదు. ఫ్లాష్ గుర్తు మీద పెడితే 1/30, బి మీద పెడితే నొక్కినంతసేపూ తెరుచుకుని ఉంటుంది.

పసుపుదీపం చూసి చాలామంది చెయ్యి దించేస్తారు. అసలు సరదా మొదలయ్యేది అక్కడే. ఇందులో లేచిపడే అద్దం లేదు, షట్టరు లెన్సులోనే ఉంటుంది, కాబట్టి అదురు తక్కువ. కపాలీశ్వరుడి గుడి పక్కన మల్లెపూల అంగడి, నెత్తిన ఒక్క బల్బు, మూర కొలుస్తున్న చేతులు. లెన్సు 45 ఎంఎం, ఎఫ్ 1.7 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కంత అంత పెద్దది). పూర్తిగా తెరిచి, మోచేతులు డొక్కలకి ఆనించి మీట నొక్కితే షట్టరు ఆకులు తెరుచుకోవడం ఒక చప్పుడు, మూసుకోవడం ఇంకో చప్పుడు. మెత్తగా, వేరువేరుగా వినిపిస్తాయి. ఆ రెంటి మధ్య ఎడం వింటే చెయ్యి నిలుస్తుందో లేదో తెలిసిపోతుంది. పక్కన నిలబడి బేరమాడేవాళ్లకి ఆ చప్పుడు వినబడనే వినబడదు. ప్రింటులో పూల మీద వెలుగు పేలిపోకుండా, వెనక చీకటి మట్టిరంగులోకి దిగుతుంది. దీనికి రెండింతలు పెట్టి కొన్న కెమెరాతోనూ నాకిది ఇంత తేలిగ్గా కుదరలేదు.

పగలు సంగతి వేరు. 400 రీలు (అంకె పెరిగేకొద్దీ ఫిల్ముకి తక్కువ వెలుతురు చాలు) వేసుకుని ఎండలో నిలబడితే 1/500 వేగానికి ఎఫ్ 16 కావాలి. ఈ లెన్సులో చివరి అంకె కూడా అదే. ఎఫ్ 1.7 కోసం డబ్బు పోసి ఎఫ్ 16లో ఇరుక్కుపోవడమన్నమాట. అందుకే పగటికి 200 రీలే వేస్తాను. వెలుతురు కొలిచే కన్ను లెన్సులో కాక ముందువైపు, వ్యూఫైండరు పక్కన ఉంటుందని గుర్తుంచుకోవాలి. బ్లాక్ అండ్ వైట్‌లో ఆకాశం కోసం పసుపు ఫిల్టరు బిగిస్తే కెమెరాకి తెలీదు, రీలు అంకె పెట్టే ఏఎస్ఏ చక్రం మనమే తగ్గించాలి. వెనక తెల్లటి సముద్రపు నురగ ఉండగా మనిషిని నిలబెట్టినా అంతే, 200 రీలుకి 100 పెట్టండి. కలర్ నెగటివ్‌కి వెలుగు కాస్త ఎక్కువైనా సర్దుకుంటుంది, తక్కువైతేనే బురద.

బ్యాటరీ సెల్లు గురించి అనవసరంగా భయపెడుతుంటారు. కంపెనీ రాసిపెట్టింది 5.6 వోల్టుల పాదరసం సెల్లు, అది బజారులోంచి ఎప్పుడో పోయింది. ఇప్పుడు 4ఎల్ఆర్44 అనే 6 వోల్టుల ఆల్కలైన్ సెల్లు వేస్తున్నాం. లావూ పొడుగూ రెండూ తక్కువే కాబట్టి గదిలో గలగలలాడుతుంది. అడాప్టర్లు అమ్ముతారు. నేను మాత్రం పాత క్యాలెండరు అట్ట చుట్టి, ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఏరుకొచ్చిన టార్చిలైటు స్ప్రింగుతో ఆ ఖాళీ పూడ్చాను. వోల్టేజి తేడా నా నెగటివ్‌లలో ఎక్కడా కనబడలేదు.

ఇక బూజు. చెన్నైలో లెన్సుకి అసలు శత్రువు దుమ్ము కాదు, తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, మిగతా రోజుల్లో ఉప్పుగాలీ ఉక్కపోతా. ఆ తోలు కేసు ఎంత అందంగా ఉన్నా సరే, కెమెరాని అందులో పెట్టి దాచకండి. తోలు తేమ పీలుస్తుంది, బూజుకి మేత కూడా అదే. కేసు షోకేసులో పెట్టుకోండి. కెమెరాని మాత్రం రబ్బరు అంచు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ గింజల మూటతో ఉంచండి. లోపల చిన్న తేమ మీటరు పెట్టి, 45, 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. నీలం గింజలు గులాబీరంగుకి తిరిగితే పెనం మీద సన్నసెగన వేడిచేయండి, మళ్లీ నీలమవుతాయి. వంటకి వాడే పెనం మాత్రం వద్దు, ఆ నీలంలో ఉండేది ఒంటికి పడని కోబాల్టు. మా అమ్మకి ఈ సంగతి చెప్పాక వంటింట్లోకి నా గింజలకి ప్రవేశం లేదు. అన్నిటికన్నా మంచి మందు, కెమెరాని తరచూ బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయడం.

పాతది కొనేవాళ్లు జేబులో సెల్లు పెట్టుకుని వెళ్లండి. సెల్లు లేకపోయినా ఇది క్లిక్కుమంటుంది, కాకపోతే ఎప్పుడూ 1/500లోనే. కాబట్టి "వర్కింగ్ సార్" అని కొట్టి చూపిస్తే నమ్మక్కర్లేదు. సెల్లు వేసి వెనక బటన్ నొక్కితే పైన పచ్చదీపం వెలగాలి. వెలుతురు కొలిచే కన్ను బొటనవేలితో మూసి మీట నొక్కితే షట్టరు ఆలస్యంగా మూసుకోవాలి. రీలు ముందుకి జరిపే లీవరు తిప్పేటప్పుడు 'టక్' అనే చప్పుడు రావాలి. రాలేదంటే లోపలి చిన్న రబ్బరు ముక్క వయసుతో చివికిపోయిందని లెక్క. అది మార్చాలంటే కెమెరా విప్పాలి, ఆ పని తెలిసినవాళ్లు ఊళ్లో తగ్గిపోతున్నారు. వెనక తలుపు గాడిలో స్పాంజి జిగురుగా మారడం మామూలే, దానికి బెంగపడకండి. స్పిరిటుతో తుడిచి, గాడిలో నల్ల ఊలుదారం, కీలు దగ్గర టైలరు దగ్గర మిగిలిన నల్ల వెల్వెట్ ముక్క అంటిస్తే వెలుతురు దూరదు. చివరగా షట్టరు బి మీద తెరిచి, వెనక నుంచి ఫోను లైటు వేసి చూడండి. సాలెగూడు లాంటి తీగలు కనిపిస్తే వదిలేయండి. కోటింగు తినేసిన బూజు తుడిస్తే పోదు.

ఫిల్ము ఓపిక నేర్పుతుందనే మాట నాకు పట్టదు. నేర్పేది ఖర్చు. ఒకప్పుడు పక్కనే ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల 'ఇందు' రీళ్లు తయారయ్యేవి, ఇప్పుడు అంతా దిగుమతే. రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి జేబు తేలికవుతుంది. ఒక ల్యాబులో నా నెగటివ్‌ల మీద పొడుగునా గీతలు పడ్డాక బ్లాక్ అండ్ వైట్ నేనే కడుక్కుంటున్నాను. ఇక్కడ వేసవిలో కుళాయి నీళ్లే వెచ్చగా వస్తాయి కాబట్టి ఐసు ముక్కలు తప్పవు.

బరువు ముప్పావు కిలో దాకా ఉంటుంది, మెడకి తెలుస్తుంది. 80 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ రాదు, పళ్లెంలో ఇడ్లీ తీయాలంటే లేచి నిలబడాలి. ఇదే కెమెరా నల్లరంగులో జీటీఎన్ పేరుతో వచ్చింది. దానికి ఎక్కువ అడుగుతారు. లోపల సరుకు ఒకటే కాబట్టి వెండిరంగుదే కొనుక్కుని మిగిలిన డబ్బుతో రీళ్లు తెచ్చుకోండి.