ఉద్దానం జీడితోటలో తుప్పలు కొట్టించిన అనుభవం: ఒక బృందం పనితీరుపై సమీక్ష

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో మాకున్న రెండెకరాల జీడితోటను ఈసారి మార్గశిరం చివర్లో, పూత రాకముందే, బ్రష్ కట్టర్లతో తుప్పలు కొట్టే ఒక బృందానికి అప్పగించాము. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా పెద్ద చెట్లు చాలా కూలిపోయాయి. అవి పడిన చోట నేలకు నేరుగా ఎండ తగలడంతో పులికంప (లాంటానా అనే ముళ్లపొద) అల్లుకుని, ఏడాదికేడాది పెరిగి, చివరకు మనిషి దూరలేని డొంకగా మారింది. జీడిపిక్కలను రాలిన తరువాత నేల మీద ఏరుకుంటాము కనుక, చెట్టు కింద తుప్పలుంటే కొన్ని పిక్కలు కంటికి ఆనక అక్కడే ఉండిపోతాయి. అంతకంటే ముఖ్యంగా, మా ప్రాంతంలో ఎలుగుబంట్లు పగటిపూట ఇటువంటి డొంకల్లోనే పడుకుంటాయి. తెల్లవారుతూనే పిక్కలు ఏరడానికి వెళ్లే ఆడవాళ్లకు ఇది ప్రాణంతో ముడిపడిన విషయం.

రెండు మిషన్లతో ఐదుగురు వచ్చారు. పొద్దు బాగా ఎక్కిన తరువాతే, గట్టిగా మాట్లాడుకుంటూ తోటలోకి దిగారు. మిషను పెట్టేముందు ప్రతి తుప్పనూ పొడవాటి వెదురుకర్రతో తట్టి చూడడం నాకెంతో నచ్చింది. రక్తపింజర ఎండుటాకుల్లో వాటి రంగులోనే కలిసిపోయి కదలకుండా ఉంటుంది కాబట్టి, మోతకు అదే తప్పుకుంటుందని నమ్మి దిగకూడదు. మిషను నడిపేవారికి ముఖానికి జాలీ, కాళ్లకు గంబూట్లు ఉన్నాయి. గడ్డి ఉన్నచోట నైలాన్ తాడు, ముదురు కంప ఉన్నచోట పళ్ల చక్రం బిగించుకున్నారు.

అయితే ఈ బృందాన్ని నేను మెచ్చుకునేది వారి వెనుక గునపాలతో నడిచిన ఇద్దరి పనిని చూసి. పులికంపను నేలమట్టంగా కోసి వదిలేస్తే, తొలకరి పడగానే మోడు చుట్టూ గుత్తులుగా పిలకలు లేస్తాయి. గతంలో రెండుసార్లు కూలి డబ్బు పోగొట్టుకున్నాక మాకు తెలిసివచ్చిన సంగతి ఇది. వీరు కోసిన మోడును పక్కకు వంచి, మట్టిలో రెండంగుళాల లోతున తల్లివేరును గునపంతో తెంపి, మోడును పైకి లాగి, వేర్లు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా పెట్టారు. వారం తరువాత నేను వెళ్లి ఒక వేరును విరిస్తే పుల్లలా పటుక్కుమంది. మాది ఇసుక నేల, పైగా కార్తీకపు వానల తడి ఇంకా ఆరలేదు కనుక గునపం సులువుగా దిగింది. ఇదే పని వేసవిలో పెట్టుకుంటే కూలీలకు నరకమే.

తుప్పలు పోయాక ఒక పాత చెట్టు మొదట్లో బంక కారడం, రంపపు పొట్టు వంటి పొడి రాలడం బయటపడ్డాయి. అది కాండం తొలిచే పురుగు పని. చెట్టు పూర్తిగా ఎండకముందే పురుగును తీయగలిగాము.

సరిగ్గా ఈ పురుగు వల్లనే బృందం చేసిన తప్పును తేలికగా తీసుకోలేకపోతున్నాను. పళ్ల చక్రం తగిలి మూడు చెట్లకు మొదట్లో అరచేయంత బెరడు ఊడిపోయింది. ఈ పురుగు గుడ్లు పెట్టేది మొదట్లోని బెరడు పగుళ్లలోనే. మేస్త్రీకి చూపిస్తే "గీసుకుంది, అంతే కదండీ" అన్నాడు. ఆ మాట నాకు బాధ కలిగించింది. ఆ గాయాలకు వేపనూనె పూత నేనే వేసుకున్నాను. పండ్లున్న పులికంప కొమ్మలను తోట పొడవునా ఈడ్చుకుంటూ గట్టుకు చేర్చడం కూడా సరికాదు, ఎందుకంటే దారి పొడవునా విత్తనాలు రాలాయి.

మిషనుకు, నడిపే మనిషికి కలిపి రోజుకు 1,500 రూపాయలు, మిగిలినవారికి విడిగా కూలి ఇచ్చాము. మూడు రోజుల్లో పని పూర్తయింది. వేర్లు తీసిన తీరును బట్టి ఆ ధర న్యాయమే. వారిని పిలిచేవారు ప్రతి చెట్టు చుట్టూ రెండు మూరల మేర మిషను పెట్టకుండా కొడవలితోనే కోయాలని బేరం నాడే ఖరారు చేసుకోవాలి. తొలకరి తరువాత మిగిలిన పిలకలు తీయించడానికి మేము మళ్లీ వారినే పిలుస్తాము, ఈ షరతు మీదనే.