కారు షెడ్డు గోడకి సైకిళ్లు: కొన్నేళ్లు వాడాక నా మాట

గోడ ర్యాక్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను: కొనండి. కాకపోతే ఇంట్లో అందరికంటే పొట్టిగా ఉన్నవాళ్లు కూడా ఎవరి సాయం లేకుండా తమ సైకిలు దించుకోగలిగే ఎత్తులో బిగించండి. దించడానికి ప్రతిసారీ ఇంకొకర్ని పిలవాల్సి వస్తే నాలుగు రోజులు పిలుస్తాం, ఐదో రోజు స్కూటర్ తాళం తీసుకుంటాం. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఈ సమీక్ష ఆ ఎత్తు నుంచి రాస్తున్నాను.

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు, సముద్రం వైపు. ఇంట్లో ఐదు సైకిళ్లు: నాదొకటి, మా ఆయన హైబ్రిడ్, బాబు గేర్ల సైకిలు, పాప చిన్న సైకిలు, మావయ్యగారి నల్ల అట్లాస్. లాక్‌డౌన్ తర్వాత ఒక్కొక్కటీ పెరిగి, షెడ్డులో ఒకదాని మీద ఒకటి వాలేవి. కింద ఉన్నది కావాలంటే పైనున్నవన్నీ తియ్యాలి, ఒకదాని పెడల్ ఇంకొకదాని చువ్వల్లో ఇరుక్కునేది. అప్పుడు తెప్పించిన ర్యాక్ ఇది: ఐదడుగుల ఇనప పట్టీ, దాని మీద అటూ ఇటూ జరిగే కొక్కేలు. ముందు చక్రం రిమ్ముని కొక్కేనికి తగిలిస్తే సైకిలు నిలువుగా వేలాడుతుంది.

బిగించింది మాకు తెలిసిన తాపీ మేస్త్రి. డ్రిల్లు పెట్టేముందు గోడంతా సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్లాడు. ఒకచోట గుల్ల చప్పుడు వచ్చింది. “ఇక్కడొద్దమ్మా, పెచ్చు ఊడిపోతాది. ఆ పిల్లర్ పక్కకి జరిపి కొడదారి” అన్నాడు. డ్రిల్ బిట్టు వెంట వచ్చే పొడిని అరచేతిలో పట్టుకుని నాకు చూపించాడు. మొదట తెల్లగా బూడిదరంగు, అది ప్లాస్టరింగు. తర్వాత ఎర్రపొడి, అంటే ఇటుక. చివరిదాకా బూడిదరంగే వస్తే బిట్టు ఇటుకల మధ్య సిమెంటు అతుకులో దిగుతున్నట్టు, అక్కడ పట్టు తక్కువ. మాది పాత ఇల్లు కాబట్టి ఎర్ర ఇటుక. ఫ్లైయాష్ ఇటుక అయితే ఆ పొడి కూడా బూడిదరంగే కనుక ఈ గుర్తు పనికిరాదు, తట్టి చప్పుడు వినాల్సిందే. తొమ్మిదంగుళాల గోడలో పది మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు వేశాడు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ జోలికి పోవద్దన్నాడు.

బోల్టుల మీద ఇంత పట్టింపు ఎందుకంటే, వేలాడే సైకిలు కిందికి మాత్రమే లాగదు. వెనక చక్రం గోడకి ఆనుకుంటుంది. సీటు, పెడళ్లు, హ్యాండిల్ గోడకి దూరంగా ఉంటాయి. ఆ బరువుకి కొక్కెం గోడలోంచి బయటికి రావాలని చూస్తుంది. ప్లాస్టిక్ గూటం పెట్టి స్క్రూ బిగిస్తే మొదట్లో గట్టిగానే ఉంటుంది, రోజూ ఎక్కించి దించే ఊపుకి మెల్లగా వదులవుతుంది. ఇన్నేళ్లలో మా పట్టీ బోల్టు ఒక్కటీ కదల్లేదు. ఆ మార్కులు ర్యాకుకంటే మేస్త్రికే వెయ్యాలి.

ఎత్తు సంగతికొస్తాను. ర్యాకుతో వచ్చిన కాగితంలో ఒక కొలత ఉంది గానీ మేం అది చూడలేదు. నా సైకిలుని వెనక చక్రం మీద గోడకి నిలబెట్టి, పైనున్న రిమ్ము లోపలి అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టించాను. కొక్కెం ఆ గీతకి మూడంగుళాలు పైన. అంతే. ఇప్పుడు సైకిలుని ఎత్తాల్సిన పని లేదు. బ్రేకు పట్టుకుని వెనక చక్రం మీద నిలబెడతాను, సీటు కింద మోకాలితో ఒక్క తోపు తోస్తే ముందు చక్రం కొక్కేన్ని అందుకుంటుంది. పదిహేను కిలోల సైకిలుని మూడంగుళాలు లేపడం ఎవరికైనా చేతనవుతుంది. అదే అడుగు ఎత్తు లేపాలంటే నడుము పట్టేస్తుంది.

పాప సైకిలు ఇరవై అంగుళాల చక్రాలది, పొడవు తక్కువ. అదే పట్టీకి తగిలిస్తే దాని వెనక చక్రం నేలకి అడుగు పైన ఉండిపోతుంది. అందుకని దానికి విడిగా ఒక కొక్కెం, నాలుగున్నర అడుగుల ఎత్తులో. ఇంట్లో అందరికంటే ఎక్కువగా సైకిలు తీసేది ఇప్పుడు పాపే. పొద్దున్నే బీచ్ రోడ్డు మీదికి బళ్లని రానివ్వని వేళకి తన సైకిలు తనే దించుకుని గేటు దగ్గర నిలబడి మమ్మల్ని తొందరపెడుతుంది. నాకు ఈ ర్యాకు మీద ఇంత ఇష్టం ఉండడానికి కారణం అదే.

పక్కపక్కన రెండు సైకిళ్లు వేలాడదీస్తే హ్యాండిళ్లు కొట్టుకుంటాయి. గేర్ల సైకిలు హ్యాండిల్ రెండున్నర అడుగుల వెడల్పు ఉంటుంది మరి. మధ్యదాన్ని తలకిందులుగా, వెనక చక్రం పైకి వచ్చేలా తగిలిస్తే ఆ గొడవ పోతుంది, కొక్కేల మధ్య అడుగున్నర ఎడం సరిపోతుంది. తలకిందులుగా ఎక్కించడం కాస్త కష్టం కాబట్టి ఆ చోటు మా ఆయనకిచ్చాం. హైడ్రాలిక్ బ్రేకులున్న సైకిలు చాన్నాళ్లు వేలాడితే, దించాక ఎక్కేముందు లివర్ రెండుమూడుసార్లు నొక్కి చూసుకోవాలి. గొట్టంలో గాలి బుడగ ఉంటే అది చోటు మారి బ్రేకు మెత్తబడొచ్చు.

ఇంక మన ఊరి ఉప్పుగాలి. ర్యాకులో నాకు నచ్చనిదేదైనా ఉంటే కొక్కేలే. ఇనప కొక్కేల మీద నల్ల రబ్బరు తొడుగులు వచ్చాయి. రిమ్ము గీరుకుపోకుండా అవి బాగానే పనిచేశాయి. రెండో వానాకాలం దాటాక ఒక తొడుగు అంచు దగ్గర గోధుమరంగు చార కనిపించింది. తొడుగు లాగి చూస్తే కొక్కెం వంపంతా పొట్టు పొట్టుగా రేగి ఉంది. గోరుతో గీకితే పెచ్చులు రాలాయి. ఉప్పు తేమ రబ్బరు కిందికి చేరితే ఆరే దారి లేదు. పైకి కనిపించే పట్టీ, దాని పౌడర్ కోటింగు మాత్రం బోల్టుల దగ్గర తప్ప శుభ్రంగా ఉన్నాయి. మధురవాడ లోపలో, గోపాలపట్నంలోనో ఉన్నవాళ్లకి ఇది ఇంత తొందరగా రాకపోవచ్చు. సముద్రానికి దగ్గరున్నవాళ్లు మాత్రం ఏడాదికోసారి తొడుగులు లాగి చూడండి. దుకాణంలో ఎంత మెరిసినా చూడాల్సిన చోటు అది.

ఆటోనగర్‌లో అదే కొలతకి స్టెయిన్‌లెస్ స్టీల్ కొక్కేలు చేయించాం. 304 రకం. దాని మీద కూడా టీ మరకలా గోధుమరంగు పడుతుంది, కానీ పైపైనే. మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెడితే పోతుంది. 316 రకంలో మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుకి ఇంకా బాగా తట్టుకుంటుంది, ఖరీదూ ఎక్కువే. మళ్లీ చేయిస్తే 316 చేయిస్తాను. అదే గుడ్డ సైకిలు చెయిన్ల మీద, చువ్వల మీద కూడా పోనిచ్చి చుక్క నూనె వేస్తే సైకిళ్లూ నిలుస్తాయి. గోడకి ఉన్నాయి కదా అని వదిలేస్తే అక్కడే తుప్పు పడతాయి.

ర్యాకు షెడ్డు లోపలి గోడకే పెట్టుకోండి, పోర్టికోలో వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లం, ఇక్కడ వాన అడ్డంగా ఎంత లోపలికి కొడుతుందో తెలుసు. పక్కగోడ కూడా పనికిరాదు. నిలువుగా వేలాడే సైకిలు గోడ నుంచి మూడున్నర అడుగులు ముందుకొస్తుంది, కారు తలుపు తెరుచుకోదు. మాకు బానెట్ ఎదురుగా ఉన్న గోడ కలిసొచ్చింది. వెనక టైర్లు ఆనే చోట సున్నం మీద నల్ల మచ్చలు పడితే ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్ ముక్కలు అతికించాం.

మావయ్యగారి అట్లాస్ మాత్రం ర్యాకెక్కలేదు, ఎక్కించం కూడా. ఇరవై కిలోలకి తగ్గని బండి. వెనక చక్రం మీద నిలబెడితే మడ్‌గార్డ్ తోక నేలకి తగిలి వంగుతుంది. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే ఆగిపోయింది. ఆయన షిప్‌యార్డ్ డ్యూటీకి తొక్కిన సైకిలు అది. వంగిన మడ్‌గార్డుకి బదులు దానికి అచ్చంగా సరిపోయేది ఎక్కడ వెతకను? పట్టీ కింద, గోడ వారగా దాని స్టాండు మీదే ఉంటుంది. మిగతావి గోడెక్కాయి కాబట్టే దానికి ఆ చోటు దొరికింది.

అపార్ట్‌మెంటు సెల్లార్లో ఉండేవాళ్లు పిల్లర్లకి బోల్టులు కొట్టించకండి. లోపల ఇనప చువ్వలుంటాయి, డ్రిల్లు వాటికి తగలకూడదు, అసోసియేషన్ కూడా ఒప్పుకోదు. నేల మీద నిలబడే స్టాండ్లు దొరుకుతాయి, రెండు సైకిళ్లకి అవి చాలు.