లంచాల రిస్క్ చెకప్ ప్లస్ ట్రైనింగ్ సర్వీస్, మా ఫ్యాక్టరీలో ఎలా పనిచేసిందో నా రివ్యూ (5కి 4)

మాది జీడిమెట్లలో మందుల ఇంటర్మీడియెట్స్ (మందు తయారీలో మధ్య దశలో వాడే కెమికల్స్) చేసే మీడియం సైజు ఫ్యాక్టరీ, నేను ఎకౌంట్స్ చూస్తా. యూకే కస్టమర్ ఒకాయన వెండర్ ఆడిట్‌లో (సప్లయర్‌గా మమ్మల్ని చెక్ చేసేటప్పుడు) లంచాల రిస్క్ ఎక్కడెక్కడుందో రాసుకున్నారా అని అడిగేసరికి మా ఎండీ గారు సిటీలోనే ఉన్న ఒక చిన్న కన్సల్టింగ్ టీమ్‌ని పెట్టారు. రిస్క్ చెకప్, ట్రైనింగ్, కంప్లయింట్ లైన్ మూడూ ఒకే ప్యాకేజీ.

బాగా నచ్చింది ఏంటంటే వాళ్లు వచ్చీ రాగానే స్లైడ్లు వేయలేదు, లెడ్జర్లు అడిగారు. మిసిలేనియస్, లైజనింగ్ చార్జీలు, పండగ ఖర్చులు, పెట్టీ క్యాష్ వోచర్లు, ఇవే ముందు. లైజనింగ్ ఏజెంట్, అంటే గవర్నమెంట్ ఆఫీసుల్లో మన పర్మిషన్ల పని చేసిపెట్టే ఆయన, బిల్లు తీసి చూపించారు, ఒకటే లైను, రౌండ్ ఫిగర్, అందులో గవర్నమెంట్ ఫీజు ఎంతో ఆయన ఫీజు ఎంతో తెలీదు, చలానా కాపీ లేదు. మన కంపెనీ చెయ్యి తడపకపోయినా ఏజెంట్ మన పేరు మీద తడిపితే కేసు మన దాకా వస్తుంది అని వాళ్లు చెప్తుంటే రూమ్‌లో అందరూ సైలెంట్ అయిపోయారు. ఇప్పుడు చలానా నేరుగా కంపెనీ ఎకౌంట్ నుంచే కడుతున్నాం, ఏజెంట్‌కి ఫీజు బ్యాంక్‌లోనే, ఏ పని చేశాడో రాయకపోతే బిల్లు పాస్ అవ్వదు. ఈ రూల్ పెట్టగానే ఒక ఏజెంట్ మీతో నాకు కుదరదండీ అని మానేశాడు, అదొక్కటి చాలు నాకు.

చట్టం పార్ట్ కూడా బోర్ కొట్టకుండా చెప్పారు. అవినీతి నిరోధక చట్టం 1988ది, 2018లో మార్చాక ఇచ్చినవాడికి కూడా 7 ఏళ్ల దాకా జైలు, బలవంతం మీద ఇస్తే 7 రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. కంపెనీకి ఫైన్, డైరెక్టర్ల సమ్మతితో జరిగిందని తేలితే వాళ్లకి 3 నుంచి 7 ఏళ్లు. కంపెనీ తప్పించుకోవాలంటే లంచాలు ఆపడానికి సరైన పద్ధతులు ముందే పెట్టుకున్నాం అని చూపించగలగాలి, అందుకే ఈ రికార్డులన్నీ. ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ ఉదాహరణ చెప్పారు, చెన్నై క్యాంపస్ ప్లానింగ్ పర్మిట్ కోసం కాంట్రాక్టర్ ద్వారా 20 లక్షల డాలర్ల లంచం వెళ్లిందన్న ఆరోపణ మీద 2019లో అమెరికా ఎస్ఈసీకి (అక్కడి షేర్ మార్కెట్ రెగ్యులేటర్) 2.5 కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకున్నారు. ఆ డబ్బుని కాంట్రాక్టర్‌కి చేంజ్ ఆర్డర్ల (పనిలో మార్పులకి వేసే ఎక్స్‌ట్రా బిల్లులు) పేరుతో తిరిగిచ్చే ప్లాన్ వేశారని ఎస్ఈసీ చెప్పింది. అది విన్నాక నేను ఎక్స్‌ట్రా వర్క్ బిల్లు ఏదొచ్చినా సైట్‌కి వెళ్లి చూడకుండా సంతకం పెట్టట్లేదు.

ట్రైనింగ్‌లో బెస్ట్ పార్ట్ మా డిస్పాచ్ సూపర్‌వైజర్ అడిగిన ప్రశ్న. సార్ దారిలో లోడ్ ఆపి ఐదొందలిస్తేనే వదుల్తా అంటే డ్రైవర్ ఏం చెయ్యాలి అని. పేపర్లన్నీ పర్ఫెక్ట్‌గా ఉండాలి, ఆపిన చోటు టైము రాసుకుని వెంటనే మేనేజర్‌కి ఫోన్ చెయ్యాలి, మాట్లాడేది మేనేజరే, డ్రైవర్‌ని ఒంటరిగా వదలకూడదు, ప్రాణానికే ముప్పు అనిపిస్తే ఇచ్చి బయటపడి ఆరోజే రిపోర్ట్ చెయ్యాలి, తెలంగాణ ఏసీబీ నంబర్ 1064 అన్నారు. చిన్న మొత్తమే కదా అంటే యూకే చట్టంలో దానికి మినహాయింపు లేదంట, మా కస్టమర్ అక్కడివాడే కాబట్టి మాకిది చాలా ముఖ్యం.

పర్చేజ్ వాళ్ల కమిషన్ల సంగతి కూడా వదల్లేదు. మన చట్టం ముఖ్యంగా ప్రభుత్వ ఉద్యోగుల చుట్టూ ఉంటుంది గానీ లంచాలు ఆపడానికి కంపెనీలు పాటించే ఇంటర్నేషనల్ స్టాండర్డ్ ఐఎస్ఓ 37001 ప్రైవేట్‌లో తీసుకునే లంచాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మూడు కొటేషన్ల మీద ఒకే ఫోన్ నంబరుందా, ఒకే అడ్రస్సుందా చూడమన్నారు, ఇది ఏ చిన్న కంపెనీ అయినా రేపట్నుంచే చెయ్యొచ్చు.

ఒక స్టార్ ఎందుకు కట్ చేశానంటే మెటీరియల్ మొత్తం ఇంగ్లీష్‌లో ఉంది. డ్రైవర్లు, సెక్యూరిటీ, స్టోర్స్ కుర్రాళ్లు, డబ్బు అడిగేది వీళ్లనే కదా, వాళ్లకి అర్థం కాకపోతే ఎందుకది. అడిగితే ట్రైనర్ గారు నోటితో తెలుగులో చక్కగా చెప్పారు గానీ పేపర్ మీద లేదు. కంప్లయింట్ లైన్ కూడా ఇంగ్లీష్ ఫారమే, పైగా ప్రతి కంప్లయింట్ హెచ్ఆర్ హెడ్‌కే వెళ్తుంది, మరి కంప్లయింట్ హెచ్ఆర్ మీదో ఎండీ మీదో అయితే? బోర్డుకి నేరుగా వెళ్లే దారి ఉండాలని రాసిచ్చాం, ఇంకా చెయ్యలేదు.

రేటు చిన్న యూనిట్లకి కొంచెం బరువే. ఎక్స్‌పోర్ట్ కస్టమర్లున్నవాళ్లూ, పర్మిషన్ల కోసం ఏజెంట్ల మీద ఆధారపడేవాళ్లూ తప్పకుండా తీసుకోండి. ఐఎస్ఓ సర్టిఫికెట్ గ్యారంటీగా ఇప్పిస్తాం అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి, వీళ్లు ఆ మాట అనలేదు. అడ్వాన్స్ కట్టే ముందే తెలుగు మెటీరియల్, తెలుగులో ఫోన్ ఎత్తే కంప్లయింట్ లైన్ రెండూ అగ్రిమెంట్‌లో రాయించుకోండి.